ఉద్దేశం: ఆ పదం చూపే దిక్కు

"ఉద్దేశం" అని వ్రాయాలా, "ఉద్దేశ్యం" అని వ్రాయాలా? ఆస్తికమిత్రులు, జిజ్ఞాసువులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఆహ్వానపత్రికలలో "ఈ కార్యక్రమం యొక్క ముఖ్య ఉద్దేశ్యం" అనీ, వార్తలలో "ఉద్దేశ్యపూర్వకంగా" అనీ నిత్యం కనబడుతూ ఉంటే సందేహం కలగడం సహజం. సమాధానం క్లుప్తంగా చెప్పవచ్చును. రెండూ సాధుశబ్దాలే, అర్థాలు మాత్రం వేరు. ఉద్దేశించడం అనే క్రియ ఉద్దేశం. దేనిని ఉద్దేశిస్తామో అది ఉద్దేశ్యం. కనుక "నా ఉద్దేశం అది కాదు" అనవలెను, "ఉద్దేశపూర్వకంగా" అని వ్రాయవలెను. "ఈ వ్రతానికి ఉద్దేశ్యం ఏమి?" అని అడిగితే తప్పు లేదు, ఏలనగా అక్కడ అడుగుతున్నది ఉద్దేశింపబడిన వస్తువును గూర్చి. మొదటిది ఘఞ్ ప్రత్యయంతోనూ, రెండవది ణ్యత్ ప్రత్యయంతోనూ సిద్ధించిన రూపాలు. వ్యాకరణం ఇంతటితో తృప్తి చెందుతుంది.

అయితే ఈ పదం మన పూజాదికాలలో నిర్వహిస్తున్న పాత్రను పరిశీలిస్తే, య-వత్తు ఉండడం లేకపోవడం కంటె గంభీరమైన విషయం ఒకటి గోచరిస్తుంది. ఈనాడు మనం ఉద్దేశం అనే మాటను "మనస్సులోని ఆలోచన", "ఆశించిన ప్రయోజనం" అనే అర్థాలలోనే వాడుతున్నాము. "నా ఉద్దేశంలో ఈ సంవత్సరం వానలు తక్కువే" అనే వాక్యంలో అది కేవలం అభిప్రాయం. ఈ పదం పుట్టినప్పుడు దానికి ఈ అంతర్ముఖత్వం లేదు. అది మనస్సులో దాగిన దానికి పేరు కాదు. మననుండి వెలుపలికి చాచిన చూపుడువ్రేలికి పేరు.

ధాతువు "దిశ్". దిక్కు, దిశ, దేశం, ఆదేశం, ఉపదేశం, నిర్దేశం, సందేశం, ప్రదేశం అన్నీ ఈ ధాతువు సంతానమే. చూపుట, నిర్దేశించుట అనే భావం వీటన్నిటిలోనూ వ్యాపించి ఉన్నది. చూపబడిన చోటు దేశం, చూపే వైపు దిశ. గ్రీకు, లాటిన్ భాషలలోని దీని సోదరధాతువులకు సైతం చూపుట, చెప్పుట అనే అర్థాలే ఉన్నవి. ధాతుపాఠం మాత్రం దీనికి "అతిసర్జనం" అనే అర్థాన్ని పేర్కొన్నది. అతిసర్జనం అంటే ఇచ్చివేయుట, విడిచిపెట్టుట. ఒకే ధాతువులో చూపుట, ఇచ్చుట అనే రెండు అర్థాలు ఎట్లా కలిసి ఉన్నవో యజ్ఞప్రకరణానికి వచ్చినప్పుడు స్పష్టమవుతుంది.

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దివాడని పండితులు భావించే పతంజలి, మహాభాష్యంలో "ఉపదేశం", "ఉద్దేశం" అనే రెండు పదాల భేదాన్ని విచారించాడు. పాణిని ఇత్సంజ్ఞను విధించే సూత్రంలో ఉపదేశశబ్దం ఉండడంచేత ఆ ప్రసంగం వచ్చింది. ఆయన ఇచ్చిన దృష్టాంతాలు అత్యంత సరళమైనవి. గోవు అంటే ఏమిటో ఎరుగని వానికి, ఎదుట ఉన్న ఆవును తొడపైననో చెవి వద్దనో పట్టుకొని ఇదే గోవు అని చూపితే అది ఉపదేశం. వస్తువు ప్రత్యక్షంగా ఉన్నది, చేతికి అందుతున్నది. ఇక మరొకడు వచ్చి, దేవదత్తుడెవరో నాకు తెలియజెప్పుమని అడిగినాడనుకొందాము. దేవదత్తుడు ఇక్కడ లేడు, పాటలీపుత్రంలో ఉన్నాడు. అప్పుడు చెప్పేవాడు అతని భుజకీర్తులను, కుండలాలను, కిరీటాన్ని, విశాలమైన వక్షఃస్థలాన్ని, ఎర్రని కన్నులను, ఉన్నతమైన నాసికను వర్ణించి, ఇట్టివాడు దేవదత్తుడు అని బోధిస్తాడు. ఇది ఉద్దేశం. ఎదుట లేనివానిని గుణాలద్వారా చేరుకొనుట.

ఈ దృష్టాంతం వద్ద సాధకుడు కొంతసేపు నిలువవలెనని నా మనవి. మనం పూజకు కూర్చున్నప్పుడు చేసే మొదటి పని ఏది? ధ్యానశ్లోకం చదవడం. అందులో ఉన్నది ఏమిటి? ఆయుధాలు, ఆభరణాలు, వర్ణం, వాహనం, చేతుల సంఖ్య, కన్నుల తీరు. పాటలీపుత్రంలో ఉన్న దేవదత్తుని విషయంలో పతంజలి చూపిన మార్గమే వైకుంఠంలోనో కైలాసంలోనో ఉన్న దేవత విషయంలో మనం అనుసరిస్తున్నాము. కంటికి కనబడని దానివైపు గుణాలే మెట్లుగా నడుస్తున్నాము. కాబట్టి ధ్యానశ్లోకమే నిజమైన ఉద్దేశం. వ్రతాంతంలో కోరుకొనే కోరికల పట్టికకు ఈ పేరు తరువాతి కాలంలో సంక్రమించింది.

ఇతర శాస్త్రాలలోనూ ఈ పదం ప్రయోజనవాచకం కాదు. న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు శాస్త్రప్రవృత్తి మూడు విధాలని చెప్పి, ఉద్దేశం, లక్షణం, పరీక్ష అని వాటిని పేర్కొన్నాడు. అక్కడ ఉద్దేశం అంటే పదార్థాన్ని పేరుతో పేర్కొనడం, అంతమాత్రమే. న్యాయశాస్త్రం మొదటి సూత్రంలో ఉద్దేశింపబడిన 16 పదార్థాలలో "ప్రయోజనం" కూడా ఒకటి కావడం ఒక చిన్న వినోదం. ఈనాడు మనం పర్యాయపదాలుగా వాడే రెండు మాటలు అక్కడ పక్కపక్కనే ఉన్నవి, ఒకదానికొకటి ఏమాత్రం పర్యాయాలు కావు. కౌటిల్యుని అర్థశాస్త్రం చివరి అధికరణంలో చెప్పిన 32 తంత్రయుక్తులలో ఉద్దేశం అంటే సంక్షేపంగా చెప్పడం, నిర్దేశం అంటే విస్తరించి చెప్పడం. భగవద్గీత దశమాధ్యాయంలో విభూతులను వివరించిన అనంతరం భగవానుడు తాను చెప్పినది "ఉద్దేశతః" మాత్రమేనని ముగించడంలో ఉన్న అర్థమూ ఇదే. అనంతమైన దానిని వ్రేలితో చూపవచ్చునే గాని చెప్పి ముగించలేము.

మరి ప్రయోజనార్థం ఎక్కడనుండి వచ్చింది? ఏ కార్యమైనా దేనినో ఉద్దేశించి జరుగుతుంది. ప్రయోజనాన్ని ఉద్దేశించకుండా బుద్ధిహీనుడు సైతం పనికి పూనుకోడని కుమారిలభట్టు శ్లోకవార్తికంలో వాదించిన సంగతి శాస్త్రపరిచయం ఉన్నవారికి తెలిసినదే. ఇక్కడ ఉద్దేశించడం క్రియ, ప్రయోజనం దానికి కర్మ. వ్రేలు చూపే వస్తువులలో ప్రయోజనం ఒకటి. కాలక్రమంలో వ్రేలు వేరు, చూపబడే వస్తువు వేరు అనే భేదం లుప్తమై, ప్రయోజనమే ఉద్దేశం అయినది. భాషలో ఇట్టి మార్పులు నిరంతరం జరుగుతూనే ఉంటవి. వాటిని నిందించి ప్రయోజనం లేదు. పత్రికాసంపాదకునిపై ఆగ్రహించడానికి నేను ఇది వ్రాయడం లేదు. భాషలో జరిగిన మార్పు అనుష్ఠానంలోకి ప్రవేశించినప్పుడు మాత్రం ఉపేక్షింపరాదు.

అనుష్ఠానంలో ఈ పదానికి గల స్థానాన్ని మీమాంసకులు నిర్ణయించారు. కాత్యాయన శ్రౌతసూత్రం యాగాన్ని ద్రవ్యం, దేవత, త్యాగం అనే మూడు మాటలలో నిర్వచించింది. దేవతను ఉద్దేశించి ద్రవ్యాన్ని త్యజించడమే యాగం. ఆ త్యాగానికి అగ్నిలో వేయడం అనే ప్రక్షేపం చేరితే హోమం. ఒకడు తన స్వత్వాన్ని వదలుకొని ఎదుటివానికి స్వత్వాన్ని కలిగిస్తే దానం. మూడింటికీ ఆధారం త్యాగం. అగ్నిలో ఆహుతిని వేసేవాడు అధ్వర్యువు. కాని ఇది అగ్నికి, ఇది ఇంద్రునికి అని చూపి, "న మమ" అని తన మమకారాన్ని తెంచుకొనేవాడు యజమానుడు. దిశ్ ధాతువులో చూపుట, ఇచ్చివేయుట అనే రెండు అర్థాలు కలిసి ఉండడంలోని ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది. చూపిన క్షణమే ఇచ్చిన క్షణం. చూపి, ఇవ్వకుండా చేతిలోనే ఉంచుకొంటే అది ఉద్దేశం కాదు, వాగాడంబరం.

దేవతాస్వరూపం విషయంలో పూర్వోత్తరమీమాంసల నడుమ గొప్ప వివాదం ఉన్నది. శబరస్వామి దేవతకు విగ్రహం, అనగా శరీరం, లేదన్నాడు. దేవత హవిస్సును భుజించడం, ప్రసన్నమై ఫలమివ్వడం అంగీకరించలేదు. ఆయన మతంలో త్యాగసమయాన చతుర్థీవిభక్తితో ఉచ్చరింపబడే శబ్దమే ప్రధానం. అందువల్లనే విధిలో అగ్ని అని ఉన్నచోట పావకుడనే పర్యాయాన్ని వాడరాదని మీమాంసకుల నియమం. భక్తులకు ఇది శుష్కవాదంగా తోచడం సహజమే. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలోని దేవతాధికరణంలో దీనిని నిరాకరించారు. ఆ నిరాకరణలో ఒక యుక్తి మన విషయానికి అత్యంత సన్నిహితం. వషట్కారం చేయబోయే హోత, హవిస్సు ఏ దేవతకై గ్రహింపబడినదో ఆ దేవతను మనస్సులో ధ్యానించవలెనని ఐతరేయబ్రాహ్మణం విధించింది. స్వరూపమే లేని దానిని చిత్తంపై ఎట్లా ఆరోపించగలము? చిత్తాన్ని అధిరోహించని దేవతకు హవిస్సును ఎట్లా సమర్పించగలము? ఇది ఆచార్యుల ప్రశ్న.

శబరునికి శబ్దం చాలును, శంకరునికి ధ్యానం కూడా కావలెను. వారిరువురికీ సమ్మతమైన అంశాన్ని మనం విస్మరిస్తున్నాము. ఎవరిని ఉద్దేశించి ఇస్తున్నామో ఆ నిర్దేశం లేకుండా కర్మకు రూపమే సిద్ధించదు.

ఇక్కడ ఒక ఆక్షేపం రాక తప్పదు. వేదమే స్వర్గకామునికి యాగాన్ని, పుత్రకామునికి ఇష్టిని, వర్షకామునికి కారీరీష్టిని విధించినది కదా, ఫలాన్ని ఉద్దేశించడం దోషం ఎట్లా అవుతుంది? ఆక్షేపం సమంజసమైనదే. దోషమని నేను అనడం లేదు. కామ్యకర్మ శాస్త్రసమ్మతం, ఆర్తుడూ అర్థార్థీ భగవంతుని ఆశ్రయించడాన్ని గీత సుకృతంగానే పరిగణించింది. రోగపీడితుడైన బిడ్డకోసం మృత్యుంజయజపం చేయించే తల్లిని తక్కువచేసి మాట్లాడే వేదాంతం నాకు రుచించదు. అయితే ఒక భేదం గమనించవలెను. నిత్యాగ్నిహోత్రం జీవించియున్నంత కాలం చేయవలసిన కర్మ. దానికి కోరవలసిన ఫలమంటూ విధిలో పేర్కొనలేదు. అయినా సాయంకాలం అగ్నికి, ప్రజాపతికి, ప్రాతఃకాలం సూర్యునికి, ప్రజాపతికి అని దేవతలు మాత్రం ఉన్నారు. కాబట్టి ఫలోద్దేశం లేని కర్మ ఉన్నది గాని, దేవతోద్దేశం లేని యాగం లేదు. ద్రవ్యం, దేవత ఈ రెండే యాగానికి రూపమని మీమాంసకులు అనడం ఇందుకే. ఫలం కోరేవాడికి సంబంధించినది. దేవత కర్మకే సంబంధించినది.

గీత సప్తదశాధ్యాయంలో దానత్రయవిభాగాన్ని ఈ దృష్టితో మరల చదివితే క్రొత్త కాంతి లభిస్తుంది. సాత్త్వికదానాన్ని వర్ణించినప్పుడు అక్కడ ఉన్నవి దేశం, కాలం, పాత్రం, తిరిగి ఉపకరించలేనివాడు. దృష్టి అంతా పుచ్చుకొనేవానివైపు ఉన్నది. రాజసదానం వద్దకు వచ్చేసరికి ప్రత్యుపకారం, ఫలం అనేవి వచ్చినవి. "ఉద్దిశ్య" అనే మాట అక్కడ, ఫలానికి అన్వయిస్తూ, ప్రయుక్తమైనది. ద్రవ్యం అదే కావచ్చును, పుచ్చుకొనేవాడూ అతడే కావచ్చును. వ్రేలు మాత్రం ఎదుటివానినుండి మళ్ళి, వానిగుండా తిరిగి తనకు రాబోయే దానివైపు చూపుతున్నది. అట్టి దానం క్లేశంతో కూడినదై ఉంటుందని భగవానుడు చేర్చిన మాట ఎంత అనుభవసిద్ధమైనదో చందా పుస్తకం ఎదుట కూర్చున్న ప్రతివానికీ తెలుసును.

మన గృహాలలో జరిగే పూజలను ఒకసారి చూడండి. సంకల్పంలో గోత్రనామాలు, నక్షత్రాలు, కుటుంబసభ్యుల పేర్లు, కోరికలు వచ్చినప్పుడు అందరూ శ్రద్ధగా వింటారు. ఒక పేరు జారిపోతే వెంటనే పురోహితునికి గుర్తుచేస్తారు. ఆ తరువాత ధ్యానశ్లోకం వచ్చేసరికి చరవాణి మ్రోగుతుంది, కొబ్బరికాయలు ఎక్కడ పెట్టారని వంటింటిలోనికి ప్రశ్నలు వెళ్ళుతవి. అంటే దేవతకు మన పరిచయం సమగ్రంగా జరిగింది, మనకు దేవత పరిచయం జరగలేదు. సంకల్పవాక్యంలో "ప్రీత్యర్థం" అనే ఒక్క పదం దేవతను ఉద్దేశించినదే. దాని ముందు వెనుకల చేరిన విశేషణాలు ఏడాదికేడాది పెరుగుతున్నవి. ఉద్యోగోన్నతి, విదేశయానప్రాప్తి చేరినవి. ప్రీత్యర్థం మాత్రం ఒక్క ఊపిరిలో దాటిపోతున్నది. పురోహితుని ఇందులో తప్పుపట్టను. గృహస్థు ఏది వింటాడో ఆయన దానినే స్పష్టంగా పలుకుతాడు.

దూరదేశాలలోని తెలుగువారు అంతర్జాలంద్వారా రుసుము చెల్లించి స్వదేశంలో అర్చనలు, హోమాలు జరిపించడం ఇప్పుడు సాధారణమైనది. ఇది చెల్లునా అని కొందరు అడుగుతారు. ఆలయార్చన ఆగమవిషయం, దానికి శ్రౌతనియమాన్ని యథాతథంగా అన్వయింపరాదు. అయినా మన ప్రాంతంలో అత్యధికులు ప్రవరలో చెప్పుకొనే ఆపస్తంబమహర్షి శ్రౌతసూత్రంలో ప్రవాసంలో ఉన్న యజమానుని గూర్చి ఒక విధి ఉన్నది. ఇంటివద్ద అగ్నులలో కర్మ జరిగే కాలానికి అతడు ఉన్నచోటనే ఆ అగ్నిశాలకు అభిముఖుడై, యజమానుడు జపించవలసిన మంత్రాలను జపించవలెను. దూరం అడ్డంకి కాదు. ఆ కాలానికి ఆ దిక్కుకు తిరగడం మాత్రం తప్పదు. ఉద్దేశశబ్దంలోని దిశ ఇక్కడ అక్షరాలా దిక్కే అయినది. మనకు తెల్లవారుజామున 5 గంటలైనప్పుడు అమెరికా తూర్పుతీరంలో ముందురోజు సాయంకాలమో రాత్రి తొలిభాగమో అవుతుంది. ఇక్కడ తన పేరిట హోమం జరుగుతున్న ఆ వేళ అక్కడ గృహస్థు రాత్రి భోజనానికి కూర్చొనబోతూ ఉంటాడు. కాళ్ళు చేతులు కడుగుకొని, స్వదేశందిక్కుకు తిరిగి, ఏ దేవతకు ఆహుతులు పడుతున్నవో ఆ దేవతను స్మరించి, "న మమ" అనడానికి రెండు నిమిషాలు చాలును. రుసుము రసీదు వచ్చిందా, ప్రసాదం తపాలాలో ఎప్పుడు చేరుతుంది అనే విచారణకు అంతకంటె ఎక్కువ కాలమే పడుతుంది. ప్రక్షేపాన్ని ఋత్విక్కుకు అప్పగించవచ్చును. త్యాగాన్ని అప్పగించడం ఎవరికీ సాధ్యం కాదు, ఏలనగా ద్రవ్యం నీది.

పదానికి గల ఈ ప్రాచీనార్థం నేటికీ చెక్కుచెదరక నిలిచిన చోటు ఒకటి ఉన్నది. అది పితృకర్మ. తర్పణంలో కర్త మూడు తరాలవారిని గోత్రంతో, నామంతో, రూపంతో స్మరిస్తాడు. తండ్రిని వసురూపంగా, తాతను రుద్రరూపంగా, ముత్తాతను ఆదిత్యరూపంగా. ముత్తాతను చూచినవారు అరుదు. ఛాయాచిత్రం కూడా లేని ఇండ్లు ఎన్నో. పాటలీపుత్రంలోని దేవదత్తునికైనా ఎర్రని కన్నులు, కుండలాలు చెప్పగలిగారు. ఇక్కడ గోత్రం, పేరు, ఆదిత్యరూపం అనే మూడు గుర్తులతోనే ఆ పరోక్షుని చేరుకోవలెను. నువ్వులు, నీరు అంతటితో చేతినుండి జారిపోవలెను. పితృతీర్థం బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ ఉండడం కేవలం యాదృచ్ఛికం కావచ్చును, అయినా ఆ సమయంలో ఆ చూపుడువ్రేలిని చూచినప్పుడు నాకు ఈ ధాతువు గుర్తుకు వస్తుంది.

తర్పణం ముగింపులో వస్త్రనిష్పీడనం ఉన్నది. తడిసిన వస్త్రపు కొసను పిండి ఆ నీటిని విడుస్తారు. అది మన వంశంలో పుట్టి, సంతానం లేకుండా గతించినవారికోసం. వారి పేర్లు ఎవరికీ తెలియవు. ఎప్పుడు జీవించారో, ఎక్కడ మరణించారో తెలియదు. వారినుండి ఆశించవలసిన ఆస్తి లేదు, ఫలమూ లేదు. ఈ కులంలో పుట్టారు, నీరు విడిచేవారు లేకుండా పోయారు అనే ఒక్క గుణమే మిగిలినది. ఆ గుణంతోనే వారిని ఉద్దేశించి, వస్త్రాన్ని పిండి, కర్త లేచి వెళ్ళుతున్నాడు.